నీలి బుడగ, నిప్పు తీగ

(సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో, చదువు కేంద్రం అక్కచెల్లెళ్ల ముందు ఒక సైన్సు టీచరమ్మ చేసిన ప్రసంగం)

 

పొద్దున లేచిన దగ్గర్నుంచి మీకు సముద్రంతోనే పని. మగవాళ్లు పడవ మీద వేటకు పోతారు. పడవ ఒడ్డుకు చేరాక చేప మీ చేతికి వస్తుంది. ఏరేది మీరే. ఎండబెట్టేది మీరే. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేదీ మీరే. మీరు పనిలో ఉంటే మీ పిల్లలు ఆ ఇసకలోనే ఆడుకుంటారు. పిల్ల కెవ్వుమని అరిస్తే ముందు పరుగెత్తేది మీరే. డాక్టరు కాదు, నర్సు కాదు. అందుకే ఈ సంగతి ముందు మీకు చెప్పాలని వచ్చాను.

ఈ రోజు నేను చెప్పేది ఒక సముద్రపు జంతువు గురించి. జంతువు అన్నాను గానీ, ఆ మాట కూడా పూర్తిగా సరిపోదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఒడ్డున ఇసక మీద ఒక నీలం బుడగ పడి ఉంటుంది. గాలి నింపి మూతి కట్టిన చిన్న ప్లాస్టిక్ సంచిలా ఉంటుంది. మీద సన్నగా గులాబీ రంగు, ఊదా రంగు తళుకులు. ఎండ పడితే మెరుస్తుంది. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. పిల్లలు చూస్తే ఊరుకుంటారా? చేత్తో పట్టుకుంటారు. కాలితో తొక్కి టప్పున పేల్చాలని చూస్తారు. ఆ బుడగ కింద ఒక నీలం దారం ఇసకలో పడి ఉంటుంది. అసలు ప్రమాదం అంతా ఆ దారంలోనే ఉంది.

చాలామంది దీన్ని జెల్లీ చేప అనుకుంటారు. ఇది జెల్లీ చేప కాదు. దాని చుట్టమే, కానీ అది కాదు.

ఇంగ్లీషు వాళ్లు దీనికి పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్ అని పేరు పెట్టారు. పోర్చుగీసు వాళ్ల యుద్ధ ఓడ అని అర్థం. పాతకాలంలో తెరచాపలు ఎత్తి పోయే ఓడలా వాళ్లకు కనబడింది. ఆస్ట్రేలియా వాళ్లు బ్లూ బాటిల్ అంటారు. అంటే నీలి సీసా. ముంబైలో కూడా ఆ పేరే వాడతారు. సైన్సు పుస్తకాల్లో దీని పేరు ఫైసాలియా. మొదట పేరు పెట్టినవాళ్లు ఓడల్లో తిరిగే మగవాళ్లు కదా, వాళ్లకు యుద్ధమే గుర్తొచ్చింది. ఇందాక నేను బొమ్మ చూపిస్తే ఇక్కడి అక్క ఒకామె, "బుడగకి జడ ఏసినట్టుంది టీచరమ్మా" అంది. నన్నడిగితే యుద్ధ ఓడ కన్నా ఆ మాటే బాగుంది. నేను మాత్రం ఇవాళ దీన్ని నీలి బుడగ అంటాను.

ఇది ఎక్కడుంటుంది? వెచ్చని సముద్రాలన్నిటిలో ఉంటుంది. అట్లాంటిక్, పసిఫిక్, మన హిందూ మహాసముద్రం. మన బంగాళాఖాతంలోనూ, అటు పక్క అరేబియా సముద్రంలోనూ ఉంటుంది. ముంబైలో వానాకాలం గాలులకు ఇవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. 2018 ఆగస్టులో జుహూ ఒడ్డుకు బాగా వచ్చాయి. సరదాగా సముద్రం చూడటానికి వచ్చినవాళ్లు వంద మందికి పైగా వీటి చేత కుట్టించుకున్నారు. పేపర్లలో కూడా వేశారు.

ప్రపంచమంతటా ఉన్నది ఒకటే రకం అని చాలాకాలం అనుకున్నారు. 2025లో శాస్త్రవేత్తలు, కాదు, కనీసం నాలుగు రకాలు ఉన్నాయని తేల్చారు. వాళ్లు ఒక్క పరీక్షల మీదే ఆధారపడలేదు. ఒడ్డున తిరిగే మామూలు జనం తీసి పంపిన ఫొటోలను వేల కొద్దీ చూశారు. సైన్సు అంటే పెద్ద పెద్ద గదుల్లో తెల్లకోటు వేసుకున్నవాళ్ల పని అని మనం అనుకుంటాం. ఇసకలో కనబడినదాన్ని జాగ్రత్తగా చూసి చెప్పడం కూడా అందులో భాగమే.

అట్లాంటిక్ సముద్రంలో ఉండేది పెద్దది. బుడగే అడుగు పొడవు దాకా పెరుగుతుంది. దాని తీగలు మామూలుగా 10 మీటర్లు ఉంటాయి. 30 మీటర్ల దాకా కూడా సాగుతాయి. మీ లెక్కలో చెప్పాలంటే పదహారు బారలు! మన హిందూ మహాసముద్రం వైపు ఎక్కువగా కనబడే రకం చిన్నది. బుడగ బొటనవేలంత నుంచి బెత్తెడు దాకా ఉంటుంది. పొడుగు తీగ సాధారణంగా ఒకటే ఉంటుంది. చిన్నదే కదా అని చేత్తో ముట్టకండి. తేలు కూడా చిన్నదే.

ఇప్పుడు జెల్లీ చేపకూ దీనికీ తేడా చెప్తాను. జెల్లీ చేప గొడుగులా ఉంటుంది. ఆ గొడుగు మూసుకుంటూ, తెరుచుకుంటూ నీళ్లలో ఈదుతుంది. పైకి వస్తుంది, కిందికి పోతుంది. నీలి బుడగకు ఈత రాదు. నీళ్ల మీద తేలడం ఒక్కటే వచ్చు. గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

మన ఆంధ్రా తీరంలో కొన్ని రకాల జెల్లీ చేపల్ని పట్టే వ్యాపారం ఉంది. ఉప్పు, పటిక వేసి ఊరబెట్టి బయటి దేశాలకు పంపుతారు. చైనా వాళ్లు ఇష్టంగా తింటారు. ఆ పని చేసిన చేతులకు జెల్లీ చేప అంటే అంత భయం ఉండదు. ఆ ధైర్యం నీలి బుడగ దగ్గర పనికిరాదు. నేను తేడా ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

ఇంకో తేడా ఉంది. అది వింటే మీరు ఆశ్చర్యపోతారు. జెల్లీ చేప ఒక్క ప్రాణి. నీలి బుడగ ఒక్క ప్రాణి కాదు. అది ఒక గుంపు.

అదెలాగ? అరటి చెట్టును చూడండి. ఒక దుంప. దాని పక్కన పిలక. ఆ పిలక పక్కన ఇంకో పిలక. అన్నీ ఒక్క దుంప నుంచి వచ్చినవే. నీలి బుడగ కూడా అలాగే. ఒక్క గుడ్డు నుంచి ఒక చిన్న ప్రాణి పుడుతుంది. దానికి పక్కనే మొగ్గ వేస్తుంది. ఆ మొగ్గ ఇంకో ప్రాణి అవుతుంది. ఇలా మొగ్గ మీద మొగ్గ. కానీ ఏదీ విడిపోదు. అన్నీ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి.

వింత ఏమిటంటే, అవన్నీ ఒకే పని చేయవు. పని పంచుకుంటాయి. పైన ఉన్న బుడగ తేల్చే పని చూసుకుంటుంది. కింద వేలాడే తీగల వాళ్ల పని వేట. వాటికి నోరు లేదు. పక్కన గొట్టాల్లాంటివి కొన్ని ఉంటాయి. వాటికి నోరు ఉంది, కడుపు ఉంది. వాటి పని తినడం, అరిగించడం. అరిగిన సారం అందరికీ పోతుంది. ఇంకొన్నిటి పని పిల్లల్ని కనడం. అవి వేటాడలేవు.

తీగకు ఒక చేప పిల్ల తగిలిందనుకోండి. తీగ కుడుతుంది. చేప పిల్ల కదలకుండా అయిపోతుంది. తీగ స్ప్రింగులా ముడుచుకుని దాన్ని పైకి లాగుతుంది. అక్కడ నోళ్లు కాచుకుని ఉంటాయి. ఒక్క నోరు కాదు, పది, ఇరవై నోళ్లు. చేప చుట్టూ అతుక్కుంటాయి. అన్నీ కలిసి దాన్ని అరిగించేస్తాయి.

ఇది వినగానే మీకు మన పొదుపు సంఘం గుర్తొస్తుంది. నాకూ వచ్చింది. ఒకరు లెక్కలు రాస్తారు, ఒకరు బ్యాంకుకు పోతారు, ఒకరు మీటింగుకు పిలుస్తారు. కానీ ఆ పోలిక ఎంతో దూరం పోదు. సంఘం చెదిరితే మనం ఎవరి ఇంటికి వాళ్లం పోతాం. ఎలాగో బతుకుతాం. నీలి బుడగలో ఒక ముక్క విడిపోతే అది బతకలేదు. అందుకే, దీన్ని ఒక ప్రాణి అనాలా, వంద ప్రాణులు అనాలా అని శాస్త్రవేత్తలు చాలాకాలం వాదులాడుకున్నారు.

ఇక బుడగ సంగతి. అందులో ఉన్నది గాలే. ఆ గాలిలో కొంత భాగం మాత్రం మామూలు గాలి కాదు. చలికాలంలో గది తలుపులన్నీ మూసి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి చనిపోయారని అప్పుడప్పుడు వింటాం. వాళ్లను చంపేది ఒక విషవాయువు. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. ఆ వాయువునే నీలి బుడగ తనంతట తాను తయారు చేసుకుంటుంది. తన బుడగలో నింపుకుంటుంది. మనల్ని చంపేది దానికి తేలడానికి పనికొస్తోంది!

బుడగ మీద ఒక మడత ఉంటుంది. కోడిపుంజు జుట్టులా పైకి లేచి ఉంటుంది. అదే దాని తెరచాప. ఆ చాప తిన్నగా ఉండదు. కొన్నిటికి ఎడమ వైపు వాలి ఉంటుంది. కొన్నిటికి కుడి వైపు. మనుషుల్లో ఎడమచేతి వాటం వాళ్లు, కుడిచేతి వాటం వాళ్లు ఉన్నట్టే. ఒకే గాలి వీచినా, ఎడమ వాటం బుడగలు ఒక పక్కకు పోతాయి. కుడి వాటం బుడగలు ఇంకో పక్కకు పోతాయి. దానివల్ల లాభం ఏమిటి? గాలి ఒడ్డుకు కొట్టినా అన్నీ ఒకే చోట ఇసకలో పడి చావవు. ఒక వాటం వాళ్లు ఒడ్డున పడితే, ఇంకో వాటం వాళ్లు సముద్రంలో మిగులుతారు. చాప కట్టడం తెలిసిన మీ తాతలు ఈ మాట వింటే ఎంత మురిసిపోయేవాళ్లో!

ఒడ్డున ఒక్క నీలి బుడగ కనబడిందంటే నీళ్లలో ఇంకా ఉన్నాయనే అనుకోవాలి. వాటిని తోసుకొచ్చిన గాలి ఒక్కదాన్నే తోయదు. ఆ రోజు పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి.

ఇప్పుడు తీగ కుట్టడం గురించి చెప్తాను. ఇది బాగా వినండి.

తీగ పొడవునా కంటికి కనబడనంత చిన్న చిన్న తిత్తులు ఉంటాయి. లక్షల్లో ఉంటాయి. ఒక్కో తిత్తిలో బోలుగా ఉన్న సన్నని దారం చుట్ట చుట్టుకుని ఉంటుంది. దాని నిండా విషం. తిత్తికి ఏదైనా తగిలిందా, ఆ దారం బాణంలా బయటికి దూకి చర్మంలో దిగుతుంది. రెప్పపాటు కూడా పట్టదు. ఇంజెక్షన్ సూది ఒకటి దిగితేనే మనం అబ్బా అంటాం. ఇక్కడ వేల సూదులు ఒక్కసారే దిగుతాయి.

ఈ తిత్తి పేలడానికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు. ఎలుకల బోను పెట్టి మీరు పొరుగూరు పోయారనుకోండి. మీరు ఇంట్లో లేకపోయినా బోను పడుతుంది కదా! ఇదీ అంతే. నీలి బుడగ చచ్చిపోయినా తిత్తులు పని చేస్తూనే ఉంటాయి. తీగ తెగి ముక్కగా పడి ఉన్నా కుడుతుంది. ఎండిపోయినట్టు కనబడే తీగ కూడా, తడి తగిలితే కుట్టగలదు. వలకు చుట్టుకుని వచ్చిన తీగ ముక్కతో కూడా ప్రమాదమే. అలివి వల లాగేటప్పుడు, వల దులిపేటప్పుడు నీలం దారం కనబడితే చేత్తో పీకకండి.

కుడితే ఎలా ఉంటుంది? నిప్పుతో చురక పెట్టినట్టు మంట. చర్మం మీద ఎర్రగా ఒక గీత పొంగుతుంది. పూసల దండ ఆనించినట్టు బొడిపెలు లేస్తాయి. నొప్పి మామూలుగా గంటో, రెండు గంటలో ఉండి తగ్గుతుంది. మచ్చ కొన్ని రోజులు ఉంటుంది. దీనివల్ల చనిపోవడం చాలా అరుదు. కానీ నీళ్లలో ఉండగా కుడితే ఆ నొప్పికి మనిషి కంగారు పడి మునిగిపోవచ్చు. అందుకని ముందు చేయాల్సింది నీళ్లలోంచి బయటికి తేవడం.

తర్వాత ఏం చేయాలి? ఇక్కడే మనం తప్పులు చేస్తాం. ఇసక పెట్టి రుద్దుతాం. గుడ్డతో గట్టిగా తుడుస్తాం. ఇలా చేస్తే ఏమవుతుంది? చర్మానికి అతుక్కున్న తీగలో ఇంకా పేలని తిత్తులు ఉంటాయి. రుద్దితే అవి కూడా పేలుతాయి. ఒక చురక పది చురకలవుతుంది. మంచినీళ్లు పోసినా అలాగే జరగవచ్చు. ఆ తిత్తులు ఉప్పునీటికి అలవాటు పడినవి.

కొందరు సారా పోస్తారు. సారా తగిలితే తిత్తులు ఇంకా పేలుతాయి. సారా లోపల పోసుకున్నా నష్టమే, పైన పోసినా నష్టమే. ఈ మాట మీకు నేను చెప్పక్కర్లేదు.

సరైన పని ఇది. సముద్రపు నీళ్లే తెచ్చి పోయండి. మెల్లగా, ధారగా పోయండి. తీగ ముక్కలు చాలావరకు జారిపోతాయి. ఇంకా అతుక్కుని ఉంటే ఉత్త చేత్తో తీయకండి. పుల్లతో గానీ, వంటింటి పట్టకారుతో గానీ పైకెత్తి తీయండి. గోకవద్దు. మళ్లీ ఒకసారి సముద్రపు నీళ్లు పోయండి. ఆ తర్వాత వేడి నీళ్లు.

అవును, వేడి నీళ్లే. మంట పుడుతుంటే చల్లగా ఉండాలనిపిస్తుంది కదా! ఐసు పెట్టాలనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో డాక్టర్లకు కూడా ఇదే సందేహం వచ్చింది. ఐసు మంచిదా, వేడి నీళ్లు మంచివా? వాళ్లు ఊరికే వాదించుకోలేదు. పరీక్ష పెట్టారు. నీలి బుడగ కుట్టి వచ్చినవాళ్లను 96 మందిని తీసుకున్నారు. ఎవరికి ఏది చేయాలో చీట్లు వేసినట్టు పంచారు. సగం మందికి ఐసు పెట్టారు. సగం మందికి 45 డిగ్రీల వేడి నీళ్లు. 20 నిమిషాల తర్వాత అడిగారు. వేడి నీళ్లు పెట్టిన వాళ్లలో నూటికి 87 మంది నొప్పి తగ్గిందన్నారు. ఐసు పెట్టిన వాళ్లలో నూటికి 33 మందే తగ్గిందన్నారు. ఈ ఫలితాన్ని 2006లో అచ్చు వేశారు. నాకు ఈ పరీక్ష అంటే చాలా ఇష్టం. ఖర్చు లేదు, పెద్ద మిషన్లు లేవు. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడిగారు, అంతే.

45 డిగ్రీలు అంటే ఎంత? మన ఒంటి వేడి 37 డిగ్రీలు. దానికన్నా కొంచెం ఎక్కువ. చేయి పెడితే బాగా వేడిగా ఉండాలి, కానీ ఓర్చుకోగలగాలి. కాగే నీళ్లు కాదు! ముందు మీ చేయి పెట్టి చూసుకోండి. కుట్టిన పిల్ల కాలితో పరీక్ష చేయకండి. నొప్పిలో ఉన్నవాళ్లకు వేడి తెలియదు, చర్మం కాలిపోతుంది. కాలు గానీ, చేయి గానీ అయితే బకెట్టులో ముంచి ఉంచండి. ఒంటి మీద అయితే చెంబుతో పోస్తూ ఉండండి. నీళ్లు చల్లారితే, కాలు బయటికి తీసి, అప్పుడు వేడి నీళ్లు కలపండి. కాలు లోపల ఉండగా పోయకండి. 20 నిమిషాలు ఓపిక పట్టాలి. ఒడ్డున పొయ్యి ఎక్కడిది అంటారా? టీ కొట్టు ఉంది కదా! టీ కొట్టు అక్కకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి.

వెనిగర్ పోయాలా వద్దా అన్నదానిలో డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. కొన్ని దేశాల్లో మంచిదన్నారు, ఆస్ట్రేలియాలో ఈ నీలి బుడగకు వద్దన్నారు. మన ఇళ్లలో అది ఉండదు కూడా. సముద్రపు నీళ్లు, వేడి నీళ్లు మనకు దొరికేవి. వాటితో చేద్దాం.

కంట్లో తగిలితే మాత్రం ఇంట్లో వైద్యం చేయకండి. వేడి నీళ్లు కూడా పెట్టకండి. తిన్నగా ఆస్పత్రికి పోవాలి.

ఇంకో ప్రమాదం ఉంది. అది చెప్పాలంటే ఒక కథ చెప్పాలి. నిజంగా జరిగిందే.

1901లో మొనాకో అనే చిన్న దేశం రాజుగారు తన ఓడలో సముద్రం మీద శాస్త్ర పరిశోధనకు పోయారు. ఆయన పేరు ఆల్బర్ట్. ఆ ఓడలో ఇద్దరు ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఉన్నారు. ఒకరు షార్ల్ రిషే, ఇంకొకరు పాల్ పోర్టియే. ఈ నీలి బుడగ తీగలో ఉన్న విషం ఏమిటో చూడమని రాజుగారు వాళ్లకు చెప్పారు. వాళ్లు విషం తీశారు, జంతువుల మీద పరీక్షలు చేశారు. ఇంటికి తిరిగి వచ్చాక ఫ్రాన్సులో నీలి బుడగలు దొరకలేదు. దాని చుట్టమే అయిన ఇంకో సముద్ర జీవి విషంతో పని సాగించారు.

వాళ్లు అనుకున్నది ఇది. విషం కొంచెం కొంచెం ఎక్కిస్తే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, తర్వాత ఎక్కువ ఇచ్చినా తట్టుకుంటుంది అని. మనమూ అలాగే అనుకుంటాం. నెప్ట్యూన్ అనే కుక్కకు మొదటిసారి విషం ఇచ్చారు. దానికేమీ కాలేదు. 22 రోజుల తర్వాత మళ్లీ ఇచ్చారు. కొంచెమే ఇచ్చారు. కుక్కకు ఊపిరాడలేదు. 25 నిమిషాల్లో చచ్చిపోయింది. అంతా తలకిందులైంది! అలవాటు పడాల్సిన ఒళ్లు ఎదురు తిరిగింది.

దీనికి రిషే అనఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఈ పనికి 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆస్పత్రిలో కొన్ని ఇంజెక్షన్లు ఇచ్చే ముందు నర్సమ్మ చర్మం కింద కొంచెం మందు పొడిచి, ఆగి చూస్తుంది కదా. పడదేమో అని అడుగుతుంది కదా. ఆ భయం ఈ పడకపోవడం గురించే. ఆ విషయం తెలుసుకునే దారి మొదలైంది మన నీలి బుడగ దగ్గర.

కాబట్టి, "పోయినేడు కుట్టింది, ఏమీ కాలేదు" అని ధీమాగా ఉండకండి. చాలామందికి రెండోసారి కూడా మామూలు నొప్పే ఉంటుంది. కొద్దిమందికి మాత్రం ఒళ్లు ఎదురు తిరుగుతుంది. పెదాలు, మొహం వాచడం, ఊపిరి ఆడకపోవడం, కుట్టిన చోటే కాక ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరిగి పడిపోవడం, గుండెల్లో నొప్పి, ఆగని వాంతులు. వీటిలో ఏది కనబడినా వేడి నీళ్లు కాగే దాకా కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. ఏం కుట్టిందో డాక్టరుకు చెప్పండి. జెల్లీ చేప అని కాదు, నీలి బుడగ అని, బ్లూ బాటిల్ అని చెప్పండి.

ఇప్పుడు మీరు అడగండి.

"టీచరమ్మా, కుట్టిన సోట ఉచ్చ పోస్తే తగ్గుతాదని మా అత్త అంటాది."

చాలా దేశాల్లో ఈ మాట ఉంది అక్కా. మీ అత్త ఒక్కతే కాదు. కానీ దానివల్ల ఉపయోగం లేదు. తిత్తులు ఇంకా పేలే అవకాశం కూడా ఉంది. అత్తను నొప్పించకుండా, వేడి నీళ్ల సంగతి చెప్పు. పెద్దవాళ్ల మాట కాదనలేక చంటిదాని కాలు మండించకూడదు కదా.

"దాన్ని తినేవి ఏవైనా ఉన్నాయా?"

ఉన్నాయి. కొన్ని రకాల తాబేళ్లు తింటాయి. వేలెడంత కూడా లేని నీలం నత్త జాతి ప్రాణి ఒకటి ఉంది. దానికి పెంకు ఉండదు. బ్లూ డ్రాగన్ అంటారు. అది నీలి బుడగను తింటుంది. తిని ఊరుకోదు. ఆ పేలని తిత్తుల్ని తన ఒంట్లో దాచుకుంటుంది. తర్వాత ఆ దొంగ సొత్తుతో తను కుడుతుంది! 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ తుపాను తర్వాత చెన్నైలో బీసెంట్ నగర్ ఒడ్డున ఈ బ్లూ డ్రాగన్లు కనబడ్డాయి. అందంగా ఉంటుంది. దాన్నీ ముట్టకూడదు. ఇంకో చిన్న చేప ఉంది, నీలి బుడగ తీగల మధ్యే కాపురం ఉంటుంది. తీగలకు తగలకుండా తప్పించుకు తిరుగుతుంది. పెద్ద చేపలు అక్కడికి రావడానికి భయపడతాయి, దీనికి కాపలా దొరుకుతుంది. అప్పుడప్పుడు ఆ తీగల్నే కొరికి తింటుంది కూడా.

"ఒడ్డున పడితే ఏటి సెయ్యాలి?"

మీరు నడిచే దారిలో, చేపలు ఎండబెట్టే చోట పడితే పారతో తీయండి. లోతుగా గొయ్యి తీసి కప్పండి. పైపైన ఇసక చల్లి వదిలేయకండి, అది ఇంకా ప్రమాదం. కనబడదు కాబట్టి తొక్కుతారు. చాలా పడితే ఆ పక్కకు పిల్లల్ని పంపకండి. చెప్పుల్లేకుండా మీరూ పోకండి. చదువు కేంద్రం గోడ మీద మీరే రాసి పెట్టండి. "నీలి బుడగ – ముట్టకండి" అని. మూడు మాటలు. మీరందరూ రాయగలరు.

అదుగో, మామ్మ చెయ్యెత్తింది. అడుగు మామ్మా.

"అంతా సెప్పినావు గానీ, అది ఆడదా మగదా?"

మంచి ప్రశ్న అడిగావు మామ్మా. ఒక్కో బుడగ గుంపు మొత్తం ఆడది గానీ, మొత్తం మగది గానీ అయి ఉంటుంది. ఒకే గుంపులో రెండూ ఉండవు. పిల్లల్ని కనే భాగాలు గుత్తులుగా వేలాడుతూ ఉంటాయి. పండాక ఆ గుత్తులు ఊడి నీళ్లలోకి పోతాయని అనుకుంటున్నారు. నీళ్లలోనే గుడ్డు, బీజం కలుస్తాయి. ఆ గుడ్డు పిల్లగా మారడం మాత్రం 2019 నాటికి కూడా ఎవరూ కళ్లారా చూడలేదు. పట్టిన చిన్న చిన్న పిల్లల్ని చూసి, అవి ఎలా పెరుగుతాయో వెనక్కి లెక్క కట్టారు. అంతవరకే.